రానివాళ్ళ లెక్క

పాత పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) మెడికల్ ఆఫీసరు కుర్చీ వెనక గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. మొత్తం జనాభా, గ్రామాలు, సబ్‌సెంటర్లు, అర్హులైన దంపతులు (అంటే బిడ్డల్ని కనే వయసున్న జంటలు), గర్భిణులు, ఏడాదిలోపు పిల్లలు అని వరసగా తెల్ల పెయింటుతో రాసి ఉండేది. అక్షరాలకి పెయింటు, అంకెలకి సుద్దముక్క. అంకెలు ఏటా ఏప్రిల్లో మారతాయి కాబట్టి ఆ ఏర్పాటు. కొత్తగా చేరిన డాక్టరు ఆ బోర్డుకి వీపు పెట్టి కూర్చుని ఎదురుగా ఉన్న ఓపీ క్యూని చూసేవాడు. రెండేళ్ళు గడిచాక కుర్చీ తిప్పి బోర్డు చూడటం మొదలుపెట్టినవాళ్ళు కొందరు. పబ్లిక్ హెల్త్ దారిన పోయింది వాళ్ళే.

మెడికల్ కాలేజీలో హౌస్‌సర్జెన్సీతో కలిపి అయిదున్నరేళ్ళు నేర్పేది, మంచం మీదికి వచ్చిన రోగిని చూడటం. ఆ బోర్డు అడిగేది రానివాళ్ళ సంగతి. దాని మీది అంకెలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే సగం పని తెలిసినట్టే.

మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి 30,000 జనాభా, ఏజెన్సీలో 20,000. సబ్‌సెంటరుకి మైదానంలో 5,000, ఏజెన్సీలో 3,000. జనన రేటు వెయ్యికి 25 అనుకుంటే 30,000 మందిలో ఏడాదికి 750 కాన్పులు. గర్భస్రావాలూ మృతశిశువులూ ఉంటాయి కనక దానికి పదిశాతం కలిపితే 825 మంది గర్భిణులు. శిశుమరణాలు వెయ్యికి 60 ఉన్న రోజుల్లో 750లో 45 తీసేస్తే 705 మంది ఏడాదిలోపు పిల్లలు. ఒక్కొక్కరికి మూడు డోసుల డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకి కలిపి వేసే టీకా) అంటే 2,115. పది డోసుల సీసా విప్పాక కొంత పోతుంది కాబట్టి 1.33తో హెచ్చిస్తే సుమారు 2,813 డోసులు, అంటే 282 సీసాలు. క్షయకి వేసే బీసీజీకైతే సగానికి సగం వృథా అనుకుని రెట్టింపు ఇండెంటు పెట్టేవాళ్ళు.

ఇంతవరకూ గుమాస్తా లెక్కే. అసలు కిటుకు దీని తర్వాత ఉంది. ఏడాదికి 825 మంది గర్భిణులంటే, ఏ ఒక్క రోజు చూసినా రిజిస్టర్లో దాదాపు సగం మంది, 410 దాకా, ఉండి తీరాలి. ఏఎన్ఎమ్‌ల (సబ్‌సెంటరు నుంచి ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తల) రిజిస్టర్లన్నీ కలిపి 250 మందే తేలితే మిగతా 160 మంది ఊళ్ళోనే ఉన్నారు, మన పుస్తకంలో లేరు. వాళ్ళు ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉన్నారన్నది నెలవారీ మీటింగులో వెయ్యాల్సిన ప్రశ్న. చాలాచోట్ల ఆ ప్రశ్న బదులు "పర్సెంటేజీ ఎంతమ్మా?" అన్నదే వినపడేది.

ఈ లెక్కలో ఒక చిల్లు కూడా ఉండేది. జిల్లా మొత్తానికి తీసిన ఒకే జనన రేటుని అన్ని సబ్‌సెంటర్లకీ అంటించేవాళ్ళు. కొత్త కాపురాలు ఎక్కువున్న తండాకీ, పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిపోయి ముసలివాళ్ళు మిగిలిన కాలవగట్టు ఊరికీ అదే 25. దాంతో, లెక్క ప్రకారం ఉండాల్సినవాళ్ళలో, ఒక ఏఎన్ఎమ్‌కి 130 శాతం వచ్చేది, పక్క ఏఎన్ఎమ్‌కి 60. మొదటావిడకి చప్పట్లు, రెండో ఆవిడకి చీవాట్లు. నిజానికి వంద దాటిన శాతం ఎక్కడ కనపడినా ముందు అనుమానించాల్సింది కింద ఉన్న జనాభా అంకెని. ఆ ముక్క తెలిసిన డాక్టరు జిల్లా రివ్యూలో తన ఏఎన్ఎమ్‌ని కాపాడుకునేవాడు.

ఏప్రిల్ నెల వచ్చిందంటే ఇంటింటి సర్వే. అర్హులైన దంపతుల రిజిస్టరు అంటే కాలికో బైండు వేసిన లావుపాటి పుస్తకం. ఇంటి నంబరు, భార్యాభర్తల పేర్లు, వయసులు, బతికున్న పిల్లలు, ఆఖరి బిడ్డ వయసు, పాటిస్తున్న పద్ధతి, చివర్న 'రిమార్కులు'. అనుభవమున్న ఏఎన్ఎమ్‌లు ఆ చివరి గడిని పెన్సిల్‌తో నింపేవాళ్ళు. తాళం. పుట్టిల్లు. వలస. అత్త ఒప్పుకోలేదు. తిరిగొచ్చినప్పుడు చెరిపి మిగతా గడుల్లో పెన్నుతో రాసేవాళ్ళు.

'పుట్టిల్లు' అన్న ఆ ఒక్కమాట మన రాష్ట్రం టీకాల లెక్కల్ని ఎంత అతలాకుతలం చేసిందో బయటివాళ్ళకి చెబితే నమ్మరు. తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకి ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి వెళ్ళిపోతుంది. అత్తగారి ఊరి ఏఎన్ఎమ్ రిజిస్టర్లో గర్భిణిగా పేరుంటుంది, కాన్పు ఉండదు. పుట్టింటి ఊరి ఏఎన్ఎమ్ దగ్గర కాన్పు ఉంటుంది, ఆ పిల్ల 'మా లెక్క కాదు' అనుకుంటుంది. బీసీజీ, మొదటి డీపీటీ అక్కడ పడతాయి. మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచి రోజు చూసుకుని బిడ్డతో అత్తారింటికి వస్తుంది. కార్డు అమ్మమ్మగారింట్లో ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది. ఒక పీహెచ్‌సీలో డ్రాపవుట్, ఇంకో పీహెచ్‌సీలో అసలు మొదలుపెట్టని బిడ్డ. ఇద్దరు డాక్టర్లకీ చీవాట్లే. మందు చాలా చవక: ఒక పోస్టుకార్డు. వెళ్ళేటప్పుడు ఈ ఏఎన్ఎమ్ ఆ ఊరి ఏఎన్ఎమ్‌కి ఒక కార్డు ముక్క రాయాలి. రాసినవాళ్ళున్నారు, కానీ అది ఏ గైడ్‌లైన్లోనూ లేకపోవడంతో ఆ డాక్టరు బదిలీ కాగానే ఆగిపోయేది.

పాలమూరు వైపు వేరే తంటా. సర్వే ఏప్రిల్లో అంటారు, వలస వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేది తొలకరికి. వీధికి వీధి తాళాలు. ఆ తాళాలని 'ఇల్లు లేదు' అని రాస్తే జనాభా తగ్గి శాతం బాగుపడుతుంది. 'తాళం' అని రాస్తే శాతం పడిపోతుంది. నిజాయితీగా రాసినవాళ్ళ పనితీరే కాగితం మీద అధ్వాన్నంగా కనపడేది.

ఇక ఆనాటి టీకాల రోజు. బుధవారం సబ్‌సెంటర్లో, శనివారం ఊళ్ళో. ముందురోజే ఐస్‌ప్యాకులు డీప్ ఫ్రీజర్లో గట్టిపడాలి. పొద్దున్నే తీసి టేబుల్ మీద కాసేపు పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడినప్పుడే టీకాలు మోసుకెళ్ళే క్యారియర్లో సర్దాలి. ఒక్కో క్యారియర్‌కి నాలుగు ప్యాకులు. తొందరపడి రాయిలాంటి ప్యాకులు పెడితే గోడకి ఆనిన డీపీటీ, టీటీ (ఒట్టి ధనుర్వాతం టీకా) సీసాలు గడ్డకడతాయి. గడ్డకట్టి కరిగిన డీపీటీ చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఊపి నిలబెడితే అరగంటలో తెల్లటి తునకలు అడుక్కి దిగిపోయి పైన నీళ్ళు తేరుతాయి. అది ఇస్తే జ్వరం రావచ్చు, సూది వేసినచోట వాయవచ్చు, రక్షణ మాత్రం రాదు. వేడి తగిలి టీకా చెడుతుందని అందరికీ తెలుసు, చలికి చెడుతుందన్నది చాలామందికి ఆలస్యంగా తెలిసింది.

ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లో అడుగున చలి ఎక్కువ, పైన తక్కువ. పోలియో, మీజిల్స్, బీసీజీ అడుగున ఉండవచ్చు. డీపీటీ, టీటీ పైన బుట్టలోనే ఉండాలి. ఉష్ణోగ్రత +2 నుంచి +8 డిగ్రీల మధ్య, రోజుకి రెండుసార్లు చార్టులో రాయాలి. రోజుకి ఎనిమిది గంటలు కరెంటుంటే చాలు, ఆ పెట్టె నిలదొక్కుకుంటుంది. దాన్ని చంపేది ఎక్కువగా మూత. ఎండాకాలం మంచినీళ్ళ సీసాలు, ఎవరో తెచ్చిన పెరుగు గిన్నె, వాటి కోసం పదేపదే ఎత్తే మూత. చార్టులో నెల మొత్తం ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో '4, 4, 4, 4' కనపడితే దాన్ని ఒక్క కూర్చున్నప్పుడు నింపారని అర్థం. సూపర్వైజర్లకి చార్టు చదవడం అంటే ఇదే.

బీసీజీ ఆంప్యూల్ విప్పడం చూసి డాక్టరు ఓపిక కొలవచ్చనేవాళ్ళు. అది ముదురు గోధుమరంగు గాజు, లోపల గాలి లేకుండా సీలు చేసిన పొడి. మెడ దగ్గర చిన్న ఆకురాయితో గీరి, పాలిథిన్ ముక్క చుట్టి, మెల్లగా విరవాలి. చుట్టకుండా టక్కున విరిస్తే గాలి ఒక్కసారి లోపలికి తోసుకొచ్చి పొడి ఎగిరిపోతుంది. ఇరవై డోసులు టేబుల్ మీద! తర్వాత సెలైన్ పోయాలి, డిస్టిల్డ్ వాటర్ కాదు. కలిపాక నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారెయ్యాలి. ఎడమ భుజం మీద చర్మంలోకి, పుట్టిన నెలలోపు బిడ్డకి 0.05 మిల్లీలీటరు, ఆ తర్వాత 0.1. సరిగ్గా పడితే కందిగింజంత తెల్లటి బుడగ లేస్తుంది. ఆరేడు వారాలకి చిన్న పుండులా అయి మచ్చ పడుతుంది. ఈ చివరి సంగతి తల్లికి ముందే చెప్పకపోతే 'సూది వికటించింది' అని ఊరంతా పాకుతుంది, పై శనివారం అంగన్‌వాడీ దగ్గర ఒక్క బిడ్డ ఉండదు.

కుటుంబ నియంత్రణ గురించి ఎక్కువ చెప్పబుద్ధి కాదు. 'కు.ని. ఆపరేషన్లు' అన్న మాటలోనే మార్చి నెల వేడి ఉంది. ఏఎన్ఎమ్‌కి ఇన్ని, పీహెచ్‌సీకి ఇన్ని అని టార్గెట్లు, జీతం ఆపుతామన్న బెదిరింపులు, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు లాపరోస్కోపీ క్యాంపులు. 1996 ఏప్రిల్లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. ఎత్తేశాక చాలా జిల్లాల్లో ఏం కొలవాలో తెలియక కొన్నాళ్ళు చేతులు కట్టుకు కూర్చున్నారు. అన్నేళ్ళూ ఆ రిజిస్టరుని ఒక్క గడి కోసమే తెరిచారు మరి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఎంబీబీఎస్ చేసి పీహెచ్‌సీలో చేరినవాడి హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా చేసేది సర్జరీ కాదు. పైన డిప్యూటీ సివిల్ సర్జన్, ఆ పైన సివిల్ సర్జన్. పదిహేనేళ్ళయినా మొదటి మెట్టు మీదే ఉన్నవాళ్ళు ఎందరో. అందుకే అందరి చూపూ సర్వీస్ కోటా పీజీ మీద. ఏజెన్సీలో అయితే రెండేళ్ళు, పల్లెలో అయితే మూడేళ్ళు చేస్తే అర్హత వచ్చేది. చాలాకాలం క్లినికల్ సీట్లలో 30 శాతం, నాన్‌క్లినికల్‌లో 50 శాతం సర్వీసువాళ్ళకి ఉండేది. పల్లెకి డాక్టర్లని రప్పించడానికి ఇంతకంటే బలమైన ఎర ఏదీ లేదు. చిక్కల్లా ఆ ఎరలోనే ఉంది. మూడో ఏడు వచ్చేసరికి ఏ వీధిలో ఎవరున్నారో అప్పుడప్పుడే తెలుస్తుంటుంది, అప్పుడే రిలీవ్ ఆర్డరు వస్తుంది. ఓపీ టేబుల్ సొరుగులో స్టాంపుప్యాడ్ పక్కన ఎంట్రన్స్ గైడు లేని పీహెచ్‌సీ అరుదు. చార్జి అప్పగించేటప్పుడు స్టాకు రిజిస్టర్లు, క్యాష్‌బుక్, జీపు లాగ్‌బుక్, ఆఖరికి విరిగిన స్టూళ్ళు కూడా లెక్కపెట్టి సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఏ ఊళ్ళో ఎవరు రావడం లేదన్న జాబితాకి చార్జి లిస్టులో వరస లేదు. ఆ జ్ఞానమంతా పదిహేనేళ్ళు అక్కడే ఉన్న ఏఎన్ఎమ్ దగ్గర, మలేరియా సారు దగ్గర ఉండిపోయేది. కొత్త డాక్టరు వాళ్ళని అడిగితే ఉంది, లేకపోతే లేదు.

పీజీ కౌన్సెలింగ్‌లో ఎస్‌పీఎం (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) సీటు చివరికి మిగిలేది. జనరల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, గైనిక్, ఆర్థో అన్నీ అయిపోయాక 'సరే, ఏదో ఒక ఎండీ' అని తీసుకునేవాళ్ళు. బంధువుల ఇళ్ళలో "ఎస్‌పీఎం అంటే ఏ డాక్టరు బాబూ?" అన్న ప్రశ్నకి సరైన జవాబు ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. పక్కనున్న తమిళనాడులో పరిస్థితి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రత్యేక పబ్లిక్ హెల్త్ కేడర్‌ని వాళ్ళు వదులుకోలేదు. పీహెచ్‌సీలో చేరినవాడికి పబ్లిక్ హెల్త్ డిప్లొమా చేస్తే పైకెక్కడానికి ఒక నిచ్చెన కనపడుతుంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఒకప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ప్రత్యేక కేడర్ పెట్టుకోండని 2017 జాతీయ ఆరోగ్య విధానం అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. మూడు నెలల పబ్లిక్ హెల్త్ శిక్షణతో 'సోషల్ ఫిజీషియన్'ని తయారుచెయ్యాలని, స్వాతంత్ర్యానికి ముందు దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ 1946లోనే రాసి పెట్టింది. ఎన్ని దశాబ్దాలో లెక్క మీరే వేసుకోండి.

అయినా దారులు తెరుచుకున్నాయి. వాటిలో పెద్దది పోలియో వల్ల తెరుచుకుంది. 1995 డిసెంబరులో పల్స్ పోలియో మొదలైంది. 1997లో భారత ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నేషనల్ పోలియో సర్వేలెన్స్ ప్రాజెక్టు పెట్టాయి. సర్వేలెన్స్ (అంటే జబ్బు మీద నిఘా) మెడికల్ ఆఫీసరు అన్న కొత్త ఉద్యోగం పుట్టింది. పీహెచ్‌సీ డాక్టర్లు దానికి సరిగ్గా సరిపోయారు. పని చెప్పడానికి తేలిక: పదిహేనేళ్ళలోపు పిల్లల్లో హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుపడి మెత్తగా వేలాడితే, కారణం ఏదైనా సరే, 48 గంటల్లో వెళ్ళి చూడాలి. పక్షవాతం మొదలైన 14 రోజుల్లోపు రెండు మలం నమూనాలు, ఒకదానికీ ఇంకోదానికీ కనీసం 24 గంటల తేడాతో తియ్యాలి. ఒక్కోటి ఎనిమిది గ్రాములు, అంటే బొటనవేలి పైకణుపంత. ఐస్‌లో పెట్టి ల్యాబుకి పంపాలి. దారిలో ఐస్ కరిగిపోయినా, డబ్బా కారినా ఆ నమూనా చెత్త. 60 రోజులకి మళ్ళీ వెళ్ళి బలహీనత మిగిలిందా అని చూడాలి.

ఇందులో పీహెచ్‌సీ బోర్డుతో చుట్టరికమున్న సంగతి ఒకటుంది. పోలియో లేని చోట కూడా ఏడాదికి పదిహేనేళ్ళలోపు పిల్లలు లక్షమందిలో కనీసం ఒకరికి గిలాన్-బారే అనే నరాల జబ్బు లాంటి వేరే కారణాలతో ఇలా చచ్చుబడుతుంది. మన దేశంలో తర్వాత ఆ గీతని రెండుకి పెంచారు. కాబట్టి ఏ జిల్లా అయినా 'మా దగ్గర ఒక్క కేసూ లేదు' అంటే అక్కడ జబ్బు లేదని కాదు, వెతికేవాడు లేడని అర్థం. కేసు లేకపోయినా ప్రతి వారం 'నిల్' రిపోర్టు రావాలి. రాకపోతే ఫోను. నిల్‌కీ నిశ్శబ్దానికీ ఉన్న తేడా ఒంటబట్టినవాళ్ళు తర్వాత ఏ ప్రోగ్రాములోకి వెళ్ళినా రాణించారు. పోలియో చుక్కల రౌండ్ల సమయంలో దక్షిణాది సర్వేలెన్స్ డాక్టర్లని యూపీ, బీహార్లకి పంపేవాళ్ళు. 2011 జనవరి 13 తర్వాత దేశంలో వైల్డ్ పోలియో (టీకా వల్ల కాక సహజంగా సోకేది) కేసు లేదు. 2014 మార్చిలో సర్టిఫికెట్టు వచ్చింది. అప్పటికి అక్కడ పదును తేలినవాళ్ళు టీబీలో, మీజిల్స్‌లో, రాష్ట్ర ఆరోగ్య మిషన్లలో సర్దుకున్నారు.

ఇంకో దారి చదువు. ఒకప్పుడు పబ్లిక్ హెల్త్ డిప్లొమా అంటే కలకత్తా వెళ్ళాల్సిందే, 1932లో పెట్టిన ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్‌కి. తర్వాత తిరువనంతపురం అచ్యుతమేనోన్ సెంటరు 1997లో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) మొదలుపెట్టింది. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడిమియాలజీ 2001 నుంచి ఉద్యోగం చేస్తూనే ఫీల్డులో నేర్చుకునే ఎపిడిమియాలజీ (జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చూసే శాస్త్రం) కోర్సు నడిపింది. హైదరాబాదులో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) 2008లో వచ్చింది. ఏ కోర్సుకి వెళ్ళినా మొదట చేయించేది, టీకాలు ఎంతమందికి అందాయో చూసే ముప్ఫై క్లస్టర్ల సర్వే. జిల్లా ఊళ్ళన్నీ వరసగా రాసి, పక్కన జనాభాని కూడుకుంటూ పోయి, మొత్తాన్ని 30తో భాగిస్తే అంతరం వస్తుంది. ఆ అంతరం లోపు ఒక యాదృచ్ఛిక అంకె తీసుకుని, అక్కడినుంచి అంతరం కలుపుకుంటూ పోతే 30 ఊళ్ళు పడతాయి. ఊరికి 12 నుంచి 23 నెలల పిల్లలు ఏడుగురు, మొత్తం 210 మంది. కాగితం మీద చక్కగా ఉంది. ఊళ్ళో జరిగేది వేరు. 'ఊరి మధ్య నిలబడి దిక్కు ఎంచుకో' అంటే మధ్య అంటే రామాలయం, రచ్చబండ. అక్కడినుంచి పక్కిల్లు, పక్కిల్లు అనుకుంటూ పోతే ఏడుగురు పిల్లలు దొరికేస్తారు. ఊరి చివర వాడ దాకా కాలు పోదు. 90 శాతం కవరేజీ అని రిపోర్టు వస్తుంది. ఇది తెలిసిన సూపర్వైజరు సర్వే బృందాన్ని ముందు వాడకి తీసుకెళ్ళి, ఊరు ఎక్కడిదాకా ఉందో మ్యాపు గీయించి, ఆ తర్వాతే దిక్కు తీయించేవాడు.

పరిశోధన వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి మన దగ్గరే గొప్ప ఉదాహరణలున్నాయి. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి వృత్తిరీత్యా పాథాలజిస్టు. మైక్రోస్కోపు ముందు కూర్చోవాల్సిన మనిషి 1956లో హిమాలయాల అంచున కాంగ్రా లోయకి వెళ్ళాడు. గాయిటరు, అంటే అయోడిన్ చాలక మెడ ముందు వాచే జబ్బు, ఇంటింటా ఉన్న చోటు. లోయని మూడు మండలాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించి ఏళ్ళ తరబడి మెడలు తడిమి చూశారు. ఒకచోట పొటాషియం అయోడైడ్, ఇంకోచోట అయోడేట్ వాడటంలోనూ లెక్క ఉంది. మన ఉప్పు చెమ్మగిల్లే రకం. తడి ఉప్పులోంచి అయోడైడ్ త్వరగా ఎగిరిపోతుంది, అయోడేట్ నిలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడులు చూసినవాళ్ళకి చెమ్మ గురించి వేరే చెప్పక్కర్లేదు. 1962లో జాతీయ గాయిటరు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. దేశంలోని తినే ఉప్పంతా అయోడైజ్ చెయ్యాలన్న పని మాత్రం 1986 నుంచి గానీ మొదలవలేదు. రుజువుకీ జీవోకీ మధ్య ఒక తరం. పాలసీలోకి రావాలని ఉబలాటపడే కుర్ర డాక్టర్లు ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

నల్లగొండ ఫ్లోరోసిస్ కూడా అలాంటిదే. వంగిపోయిన నడుములు అక్కడి డాక్టర్లకి తెలుసు. పిల్లల్లో మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడంగా పోవడం కొత్తగా కనపడితే, హైదరాబాదు ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పరిశోధకులు ఊళ్ళకి వెళ్ళి 1973లో దాన్ని ప్రపంచానికి చెప్పారు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరొచ్చింది. ఇంట్లో అది నిలబడకపోవడానికి కారణం ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది: రోజూ నీళ్ళు కొలవాలి, మందు కొలవాలి, కలియబెట్టాలి, గంటసేపు తేరనివ్వాలి, అడుగు కదలకుండా వంచుకోవాలి. బిందె మీద బిందె మోసుకొచ్చే మనిషికి అంత తీరికెక్కడిది?

రానివాళ్ళ లెక్కలో అన్నిటికంటే పెద్ద చెంపదెబ్బ మాత్రం టీబీ నుంచి తగిలింది. బెంగళూరు నేషనల్ టీబీ ఇన్‌స్టిట్యూట్ 1959లో మొదలైంది. అక్కడ దేబబర్ బెనర్జీ అనే డాక్టరూ, స్టిగ్ ఆండర్సెన్ అనే డెన్మార్క్ దేశస్థుడూ కలిసి తుమకూరు జిల్లా ఊళ్ళలో ఒక అధ్యయనం చేసి 1963లో ప్రచురించారు. పల్లెజనం అజ్ఞానం వల్ల టీబీ ముదిరేదాకా ఆస్పత్రికి రారన్నది అప్పటి డాక్టర్ల గట్టి నమ్మకం. కళ్ళెలో క్రిములున్నవాళ్ళని ఇంటికెళ్ళి అడిగితే తేలిందేమిటంటే, సగానికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యం కోసం గడప దిగినవాళ్ళే. వెళ్ళినచోట దగ్గుమందు సీసా ఇచ్చి పంపించేశారు. వాళ్ళు వచ్చారు, మనమే వెనక్కి పంపాం. టీబీకి వేరే వ్యాన్లూ వేరే ఆస్పత్రులూ కాకుండా మామూలు ఓపీలోనే కళ్ళె పరీక్ష చెయ్యాలన్న ఆలోచనకి బలం అక్కడినుంచే వచ్చింది. బెనర్జీ తర్వాత జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటరుకి పునాది వేశారు. రెండు వారాలు మించిన దగ్గు ఉన్నవాడు ఓపీలో సిరప్‌తో తిరిగెళ్ళిపోతే అది ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

విలాయతు వెళ్ళినవాళ్ళది వేరే కథ. 1960, 70ల్లో మన కాలేజీల నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆస్పత్రి స్పెషాలిటీల్లో చోటు దొరక్క, ఇంగ్లీషు డాక్టర్లు పోనన్న గనుల ఊళ్ళలో, మిల్లు ఊళ్ళలో జీపీలుగా (కుటుంబ వైద్యులుగా) కుదురుకున్నారు. అక్కడ జీపీకి ఒక జాబితా ఉంటుంది, రెండువేల పైచిలుకు పేర్లు, వచ్చినా రాకపోయినా ఆయన బాధ్యతే. వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని ఊళ్ళో జూలియన్ ట్యూడర్ హార్ట్ తన జాబితాలో ఉన్న పెద్దవాళ్ళందరి రక్తపోటూ, ఇళ్ళకి వెళ్ళి మరీ కొలిచాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువగా అందుతుందన్న ఆయన వ్యాసం 1971లో వచ్చింది. మన ఏప్రిల్ సర్వే చేసినవాళ్ళకి ఆ పని కొత్తగా అనిపించదు. ఆయనకి మాత్రం మూడేళ్ళకి రిలీవ్ ఆర్డరు రాలేదు.

పైకెక్కి పాలసీ గదుల్లోకి వెళ్ళినవాళ్ళలో ఉస్మానియాలో చదివిన కె. శ్రీనాథ్ రెడ్డి పేరు అందరికీ తెలిసిందే. గుండె వైద్యుడు, ఆ తర్వాత ఎపిడిమియాలజీ. ఆయన అధ్యక్షుడిగా ఉన్న నిపుణుల బృందం 2011లో ఆరోగ్య ఖర్చులో 70 శాతం ప్రాథమిక వైద్యానికి పోవాలని సిఫారసు చేసింది. అప్పటికి మన రాష్ట్రంలో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్దాస్పత్రుల వైపు డబ్బు మళ్ళించి నాలుగేళ్ళు. ప్రాణాలు నిలబెట్టిన పథకమే, కాదనను. కానీ గుండె ఆపరేషనుకి ప్యాకేజీ రేటు ఉంటుంది, బీపీ బిళ్ళ నెలనెలా అందిందో లేదో చూసే ఏఎన్ఎమ్ నడకకి ప్యాకేజీ రేటు లేదు. సచివాలయం ఫైళ్ళలోనూ అదే వరస. భవనం, వాహనం, మిషను 'నాన్‌రికరింగ్' కాబట్టి ఆర్థికశాఖ ఒప్పుకుంటుంది. పోస్టు 'రికరింగ్', ఏళ్ళ తరబడి జీతం. ఫైలు అక్కడ ఆగుతుంది. అందుకే రంగులేసిన సబ్‌సెంటరుకి తాళం కనపడుతుంది. పీహెచ్‌సీలో పనిచేసి వచ్చిన పాలసీ మనిషిని నోట్‌లో రెండో పేరాలోనే పట్టేయవచ్చు: భవనం అడిగే ముందు దాన్ని ఎవరు తెరుస్తారో రాస్తాడు.

ఇప్పుడు ఏఎన్ఎమ్‌ల చేతిలో ట్యాబులున్నాయి. ఆధార్‌తో వెతికితే ఏ ఊరి బిడ్డ అయినా తేలుతుంది, పుట్టిల్లు తిప్పలు చాలావరకు తీరాయి. పోస్టుకార్డు అక్కర్లేదు. సిగ్నల్ లేని ఏజెన్సీ గూడేల్లో మాత్రం ముందు నోటుబుక్కులో రాసుకుని, రాత్రి రోడ్డు మీదికొచ్చాక ఎక్కిస్తారు. ఆ యాప్‌లో ప్రతి గడికీ ఎంచుకోవడానికి జాబితా ఉంటుంది. రానందుకు కారణం అన్నచోట ఆఖరున 'ఇతరములు' అని ఒకటి. అత్త ఒప్పుకోలేదన్నా, వలస వెళ్ళారన్నా, కిందటిసారి సూదికి చెయ్యి వాచిందన్నా దానికిందకే. నోటుబుక్కులో మాత్రం ఇంకా పెన్సిల్‌తోనే రాస్తున్నారు.